సన్మాన పత్రం రాసి నామినేషన్ అనుకున్నాం: ఒక పోస్ట్‌డాక్ ఫైలు, రెండేళ్ళు

మొదటి ఏడాది మేం పంపిన నామినేషన్ తొలి వడపోతలోనే పోయింది. రెండో ఏడాది అదే మనిషి, దాదాపు అవే పేపర్లు, చివరి రౌండ్ దాకా వెళ్ళాయి. ఈ మధ్యలో ఆమె రీసెర్చ్ ఎక్కడికో ఎగిరిపోలేదు, మేం రాసిన తీరు మారింది, అంతే. ఎవరైనా అడిగినప్పుడల్లా కారిడార్లో నిలబడి ముక్కలు ముక్కలుగా చెబుతున్నాను కాబట్టి ఒకసారి కూర్చుని మొత్తం రాసేద్దామనిపించింది. నేను తిరుపతిలో ఒక యూనివర్సిటీలో లైఫ్ సైన్సెస్ చెబుతాను. డిపార్ట్‌మెంట్ తరఫున అవార్డుల నామినేషన్లు చూసే పని ఆరేళ్ళుగా నా నెత్తి మీదే ఉంది, ఎవరూ తీసుకోరు కాబట్టి. ఆ పోస్ట్‌డాక్ సరేనన్నాకే రాస్తున్నాను, ఆమె పేరూ అవార్డు పేరూ మాత్రం రాయను.

పోస్ట్‌డాక్ అంటే ఏంటో మన చుట్టాలకి చెప్పడం ఎంత కష్టమో అవార్డు కమిటీలకి చెప్పడం కూడా అంతే కష్టం. "పీహెచ్‌డీ అయిపోయింది కదమ్మా, ఇంకా ఏం చదువుతున్నావ్" అని పెళ్ళిళ్ళలో అడుగుతారు. పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబులో కొన్నేళ్ళు చేసే పరిశోధన ఇది, ఉద్యోగం అనడానికి లేదు, చదువు అనడానికీ లేదు. మా ఊరి చుట్టుపక్కల ఇప్పుడు ఈ జాతి తక్కువేమీ కాదు. ఊళ్ళో 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఏర్పేడు వైపు 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ (సైన్స్ కోసం పెట్టిన కేంద్ర విద్యాసంస్థ) ఉన్నాయి, గాదంకిలో వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉంది. కానీ అచ్చంగా వీళ్ళ కోసం పెట్టిన అవార్డులు మన దగ్గర అరుదు. అమెరికాలో బ్లావట్నిక్ ప్రాంతీయ అవార్డులని ఉన్నాయి, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ రాష్ట్రాల్లో పనిచేసే పోస్ట్‌డాక్‌లకే ఇస్తారు, సంస్థే నామినేట్ చేయాలి. మన దగ్గర యువ శాస్త్రవేత్త అంటే గీత ఎక్కడో పైన ఉంటుంది. విజ్ఞాన్ యువ శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారానికి 45 ఏళ్ళ దాకా, ఇన్ఫోసిస్ ప్రైజుకి 2024 నుంచి 40 దాకా. సొంత ల్యాబూ, పది మంది స్టూడెంట్లూ ఉన్న ప్రొఫెసర్ పక్కన, ఇంకొకరి ల్యాబులో బల్ల చివర చోటు దొరికిన పోస్ట్‌డాక్‌ని నిలబెడితే ఎవరు కనిపిస్తారు? మేం వేసింది అంత పెద్దది కాదు, 35 ఏళ్ళ లోపు వాళ్ళకి ఇచ్చేది, కానీ అందులోనూ పోటీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అసిస్టెంట్ ప్రొఫెసర్లే. ఒక సంస్థ నుంచి ఒక్క పేరే పంపాలి.

ఇక ఆమె పని. అఫ్లాటాక్సిన్ అని ఒక విషం ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వాటికి పెట్టిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది దీని సంగతి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దీన్ని తయారుచేస్తుంది. పంట చివర్లో వాన మొహం చాటేసి నేల కాగితే ఆ బూజు కాయలోకి దిగుతుంది. అంటే మా జిల్లాలో చెనక్కాయలు వేసే రైతుకి ఇది ఏటా ఉండే గండమే. నేరుగా తినే వేరుశనగలో యూరప్ పెట్టిన హద్దు కిలోకి 4 మైక్రోగ్రాములు. అయితే అసలు తలనొప్పి కొలవడం కాదు, శాంపిల్ తీయడం. విషం బస్తా అంతా సమానంగా పరుచుకుని ఉండదు, కొన్ని గింజల్లోనే ఉంటుంది. ఆ గింజ చేతికొస్తే బస్తా మొత్తం పనికిరాదంటారు, రాకపోతే బంగారమంటారు.

మామూలుగా అందరూ చేసేది కాయలన్నీ కలిపి, ఒలిచి, పొడి చేసి, ఎలైసాలో (విషం ఎంతుందో కొలిచే ల్యాబ్ పరీక్ష) పెట్టి నంబరు రాసుకోవడం. ఈమె పాకాల, పీలేరు వైపు కల్లాల్లో కూర్చుని పొడి చేయడానికి ముందే కాయల్ని వేరు చేసింది. చెదలు గీకినవి, మడక తగిలి చిట్లినవి, గింజ నిండనివి, బాగున్నవి. ఏ కుప్ప ఎంత బరువు, ఏ కుప్పలో ఎంత విషం. ఆ లెక్క పట్టుకుని, చిన్న రైతు కుప్ప నుంచి కూడా నమ్మదగ్గ అంచనా వచ్చేలా ఒక పద్ధతి రాసింది. ఇది నోబెల్ పని అని నేను అనను. కానీ మా వైపు కల్లంలో కూర్చుంటే తప్ప తట్టని ఆలోచన ఇది.

మొదటి ఏడాది ఆమెని ఎంచుకోవడమే ఒక రభస. ఇంకో పోస్ట్‌డాక్‌కి 31 పేపర్లున్నాయి, ఈమెకి 6. పైగా మా దగ్గర "ఈసారి అతనికి, వచ్చేసారి ఈమెకి" అని వంతులు వేసుకునే అలవాటు ఒకటి ఉంది, పెద్ద కుటుంబంలో కొత్త బట్టలు పంచినట్టు. మా రంగంలో మామూలుగా ముఖ్యమైన పని చేసినవాళ్ళ పేరే పేపర్లో మొదట వస్తుంది, 31 పేపర్లలో అతని పేరు మొదట ఉన్నవి మూడు. అది లెక్కపెట్టి చూపించాక కమిటీలో గొడవ తగ్గింది, అతను నాతో మాట్లాడటం కూడా తగ్గింది. (ఇప్పుడు బాగానే ఉన్నాం.)

ఎంచుకోవడం బాగానే చేశాం, రాయడం దగ్గర బోల్తా పడ్డాం. ఆ ఏడాది నేను రాసిన నామినేషన్ లెటర్‌లో ఒక పేరా తెలుగులో చెబుతాను, ఇంగ్లీషులో ఇంకా దరిద్రంగా ఉంది:

"ఈ అభ్యర్థి క్రమశిక్షణ, అంకితభావం గల పరిశోధకురాలు. అందరితో వినయంగా, కలుపుగోలుగా మెలుగుతారు. రాత్రింబవళ్ళు కష్టపడే తత్వం. ప్రసిద్ధ అంతర్జాతీయ జర్నళ్ళలో 6 పరిశోధన పత్రాలు ప్రచురించారు. వీరికి ఉజ్జ్వలమైన భవిష్యత్తు ఉందని దృఢంగా విశ్వసిస్తున్నాను."

ఇది చదివితే ఆమె సబ్జెక్టు ఏంటో కూడా తెలీదు. పేరు మార్చి మా లైబ్రేరియన్‌కి పెట్టొచ్చు. ఆ కలుపుగోలుతనం మాటతో పెళ్ళి సంబంధానికి కూడా పంపొచ్చు. మేం రాసింది సన్మాన పత్రం. శాలువా కప్పేటప్పుడు మైకులో చదివేది, ఎవరికి కప్పినా అదే చదవొచ్చు. రాసిన రోజు మాత్రం చాలా బాగా వచ్చిందనుకున్నాను, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. మూడు రిఫరెన్స్ లెటర్లు కావాలి. ముగ్గురికీ ఫోన్ చేశాను, ముగ్గురూ మనవాళ్ళందరూ చెప్పేదే చెప్పారు: "డ్రాఫ్ట్ మీరే పంపండి సార్, నేను చూసి సంతకం పెడతా." పంపాను. ఒకే రాత్రి, ఒకే మనిషి, మూడు లెటర్లు. మాటలు అటూ ఇటూ మార్చాననే అనుకున్నాను కానీ తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, కామా పెట్టాల్సిన చోట సెమీకోలన్ పెట్టే నా అలవాటు మూడింట్లోనూ ఉంది. ఇలాంటివి ఏటా కట్టలు కట్టలుగా చదివే జ్యూరీకి ఆ మాత్రం కనపడదా? ఆ ముగ్గురిలో ఇద్దరు ఆమెతో కలిసి పేపర్లు రాసినవాళ్ళు, మూడో ఆయన మా డిపార్ట్‌మెంట్‌లోనే రిటైరైన పెద్దాయన. ఊరి బయట ఆమె పని తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరన్నమాట ఫైలు ప్రకారం.

ఓడిపోయాక కొంచెం చదివాను. 2016లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, జియోసైన్స్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌ల కోసం 54 దేశాలవాళ్ళు రాసిన 1,224 సిఫారసు లేఖలు చూశారు. "అద్భుతం" స్థాయి లేఖ దక్కే అవకాశం మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళకి దాదాపు సగమే, రాసింది మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా అదే తీరు. నా లెటర్ బయటికి తీసి మళ్ళీ చూశాను. వినయం, కష్టం, కలుపుగోలుతనం. అంతకు ముందు ఏడాది ఒక అబ్బాయికి నేనే రాసిన లెటర్ కూడా తీశాను. అందులో "సొంత ఆలోచన", "ఈ రంగంలో ముందున్నవాడు" అని ఉన్నాయి. వాడు ముందున్నవాడు కాదు, మంచి పిల్లవాడు అంతే. సిగ్గేసింది.

రెండో ఏడాది గడువుకి నాలుగు నెలల ముందే మొదలుపెట్టాం. ముందు ఏమీ రాయలేదు. ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబులో ఆమెని కూర్చోబెట్టి, రికార్డర్ పెట్టి, మూడు గంటలు అడిగాను. మొదటి గంట వృథా. ఏం అడిగినా "చేశాం సార్", "చూశాం సార్", "అనుకున్నాం సార్".

"చేశాం అంటే ఎవరు?"

"మేమే సార్, ల్యాబ్."

"ల్యాబ్‌కి చేతులుంటాయా అమ్మా? కాయలు వేరు చేయాలని ముందు అన్నదెవరు?"

నవ్వింది, జవాబు చెప్పలేదు. గైడ్ పేరు తగ్గించినట్టవుతుందని భయం, అది నాకు తెలుసు. ఇక లాభం లేదని నోట్‌బుక్కులు తెప్పించాను. పొలానికి తీసుకెళ్ళిన నోట్‌బుక్ అది, అట్ట మీద ఎర్రమట్టి వేలిముద్రలు, ఒక పేజీకి చెనక్కాయ పొట్టు అంటుకుని ఉంది. అక్టోబరులో ఒక తేదీ కింద నాలుగు గళ్ళు గీసి బరువులు రాసుకుంది, పక్కన పెన్సిల్‌తో చిన్నగా: "ఇవాళ వేరు చేసి చూశా. సార్‌కి ఇంకా చెప్పలేదు."

నా నామినేషన్ మొత్తం ఆ పెన్సిల్ లైను మీద కట్టాను. జ్యూరీకి కావలసింది ఆమె మంచిదా కాదా అన్నది కాదు, ఆమె లేకపోతే ఈ పని ఏమై ఉండేది అన్నది. సైన్స్‌లో మన బడుల్లో "మేము" అనడం మర్యాద, పేపర్లలో కూడా "మేము"నే రాస్తాం. కానీ నామినేషన్లో "మేము"ని విడదీసి చెప్పకపోతే ఆ క్రెడిట్ దానంతటదే ల్యాబ్ యజమాని ఖాతాలో పడుతుంది, ఎవరూ దొంగిలించనక్కర్లేదు.

దాంతో గైడ్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. (పోస్ట్‌డాక్‌కి మెంటార్ అనాలి, మాకు గైడ్ అనే మాటే అలవాటు.) నాకు సీనియర్, మనిషి మంచివాడు, కోపం ముక్కు మీదుంటుంది. లెటర్లో ఆమె వంతు ఏంటో, మీ వంతు ఏంటో విడివిడిగా రాయమని అడిగితే "ప్రాజెక్టు తెచ్చింది నేను, డబ్బులు తెచ్చింది నేను, ఇప్పుడు నేనేం చేయలేదని నాతోనే రాయిస్తావా" అన్నారు. న్యాయమే కదా ఆయన మాట కూడా. వాదించలేదు. ఆ బల్ల మీదే ఫాస్ఫేట్ కొలిచే రీఏజెంట్ సీసా ఉంది, వారానికోసారి మా పిల్లలు ఫిస్కే–సుబ్బారావు పద్ధతిలో కొలుస్తుంటారు. దాన్ని చూపించి "ఈ పద్ధతి పేరులో రెండో ముక్క లేకపోతే మన భీమవరం మనిషి మనకెలా తెలిసేవాడు సార్" అన్నాను. 1925 నాటి పేపర్ అది. యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి ఫిస్కే ల్యాబులో పనిచేస్తున్నాడు, పీహెచ్‌డీ వచ్చింది 1930లో. హార్వర్డులో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దొరకలేదు, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళిపోయాడు. గైడ్‌గారు ఏమీ అనలేదు, టీ తెప్పించారు.

రెండు వారాల తర్వాత ఆయన పంపిన లెటర్లో ఒక పేరా ఇలా ఉంది: "కాయలను పొడి చేయకముందే వేరు చేస్తానని ఆమె అడిగినప్పుడు నేను వద్దన్నాను. అది కూలివాళ్ళు చేసే పని, నీ సమయం వృథా చేసుకోకు అన్నాను. నా అంచనా తప్పని ఒప్పుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది." ఆరేళ్ళలో నా చేతుల మీదుగా పోయిన లెటర్లలో ఇంత బలమైనది ఇంకోటి లేదు. ఒక్క విశేషణం లేదు చూడండి. పెద్ద మనిషి తను వద్దన్నదాన్ని ఆమె చేసి చూపించిందని సంతకం పెట్టి చెబుతుంటే ఇంక ప్రతిభ, అంకితభావం అని మళ్ళీ రాయడం ఎందుకు?

బయటి రిఫరీ కోసం వేరే దారి పట్టాం. పేరున్నవాళ్ళ జాబితా పక్కన పడేసి, ఆమె పేపర్‌ని ఎవరు సైట్ చేశారో, అంటే తమ పేపర్లలో ప్రస్తావించారో, ఒక్కొక్కటీ తెరిచి చూశాం. ఎక్కువ భాగం ఉపోద్ఘాతంలో బ్రాకెట్లో ఒక నంబరుగా పడేసినవే. రెండు మాత్రం మెథడ్స్ విభాగంలో ఉన్నాయి, అంటే నిజంగా వాడారు. అందులో ఒకరికి మెయిల్ పెట్టాను, ఆరు వారాల టైమిచ్చి, రెండు పేజీల సమాచారం జతచేసి. ఈసారి డ్రాఫ్ట్ పంపలేదు, అడిగినా పంపనని ముందే నిర్ణయించుకున్నాను. ఆయన రాసింది ఒకటే పేజీ: ఈమెని నేనెప్పుడూ కలవలేదు, ఈ పద్ధతిని రెండు సీజన్లు మా దగ్గర వాడాం, ఫలానా చోట పనిచేసింది, ఫలానా చోట మేం మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రెండో ముక్క తీసేయిద్దామా అని కమిటీలో ఒకరు అన్నారు. వద్దే వద్దన్నాను, లోపం కూడా చెప్పిన సాక్షినే ఎవరైనా నమ్ముతారు. అయినా వేరేవాళ్ళు సంతకం పెట్టిన లెటర్లో చేయి పెట్టే హక్కు మనకెక్కడిది?

పేపర్ల పట్టిక కూడా మార్చాం. పాతదాంట్లో జర్నల్ పేరు, పక్కన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్లో పేపర్లకి సగటున వచ్చే సైటేషన్ల లెక్క), అంతే. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన ఎప్పుడో చెప్పింది, జర్నల్ నంబరు చూసి మనిషికి మార్కులు వేయొద్దని. మన ఫారాల్లో ఆ గడి ఇంకా ఉంది కాబట్టి నింపాం. కానీ ప్రతి పేపర్ కింద రెండు లైన్లలో ఇందులో ఆమె ఏం చేసింది, ఇంకెవరు ఏం చేశారు అని రాశాం. చాలా జర్నళ్ళు ఇప్పుడు 14 రకాల పాత్రల పట్టిక ఒకటి వాడుతున్నాయి, ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, డబ్బు ఎవరు తెచ్చారు అని. దాన్నే పట్టుకున్నాం. గైడ్‌గారి డబ్బుల విషయం కూడా అందులో గౌరవంగా ఇమిడిపోయింది. ఆరు పేపర్లలో రెండింటికి "ఆమె పాత్ర పరిమితం" అనే రాశాం. ఆమెకి అది నచ్చలేదు, "ఎందుకు సార్ మనమే తగ్గించుకోవడం" అంది. మిగతా నాలుగూ నమ్మాలంటే ఈ రెండూ కావాలని నచ్చజెప్పడానికి ఇంకో టీ అయింది.

కాగితాల సంగతి విసుగే కానీ ఎక్కువ ఫైళ్ళు చచ్చేది ఇక్కడే. పీహెచ్‌డీ అయిన ఐదేళ్ళ లోపు అన్నది నిబంధన, ఐదేళ్ళు ఎప్పటి నుంచి? మన యూనివర్సిటీల్లో డిగ్రీ ఇచ్చినట్టు నోటిఫికేషన్ ఒక తేదీన వస్తుంది, ప్రొవిజినల్ సర్టిఫికెట్ మీద ఇంకో తేదీ, కాన్వొకేషన్ ఎప్పటికో. మొదటి ఏడాది ఫారంలో ఒక తేదీ రాసి, జతచేసిన సర్టిఫికెట్లో ఇంకో తేదీ ఉంటే క్వెరీ వచ్చింది. రెండోసారి ముందే మెయిల్ పెట్టి ఏ తేదీ చూస్తారో అడిగి, ఆ జవాబే ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం. పేరు ఇంకో గొడవ. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం, రెండు పేపర్లలో ఇంటిపేరు ముందు, నాలుగింట్లో వెనక. సైటేషన్లు ఇద్దరు మనుషుల కింద చీలిపోయి ఉన్నాయి. ఆర్కిడ్ నంబరు (పరిశోధకులకి ఒక్కొక్కరికీ ఉండే ఐడీ) కింద అన్నీ కలపడానికి ఆమెకి ఒక ఆదివారం పట్టింది. పోస్ట్‌డాక్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ ఆదివారం ఏదో ఈ వారమే పెట్టుకోండి.

ఇంకా మధ్యలో ఒక కాన్పు, ఏడు నెలల విరామం. మొదటి ఏడాది దాన్ని దాచాం, అడగలేదు కదా అని. రెండోసారి ఒక్క లైనులో తేదీలతో రాశాం. ఆ సమయంలో పేపర్ ఎందుకు లేదో చదివేవాళ్ళకి అర్థమవ్వాలి, జాలి అక్కర్లేదు.

సంస్థ అధిపతి సంతకం కోసం ఫైలు బ్రహ్మోత్సవాల వారంలో పడింది. గరుడ సేవ రోజు ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగం మంది టీవీ ముందు. పోర్టల్ మూసేది ఆ తర్వాతి సోమవారం సాయంత్రం 5 గంటలకి. పీడీఎఫ్ సైజు 2 ఎంబీ దాటకూడదంట, మాది 11. స్కాన్‌లు తగ్గించి తగ్గించి, చివరికి అప్‌లోడ్ అయ్యేసరికి 4:20. ఆ టెన్షన్ గురించి ఇంక రాయను.

చివరి రౌండ్‌కి పిలిచారు. ప్రెజెంటేషన్‌కి పదిహేను నిమిషాలు. నోట్‌బుక్ పేజీ ఫోటో మొదటి స్లైడ్‌గా పెట్టమన్నాను. పెన్సిల్ లైను కనపడుతుంది వద్దు సార్ అంది, గైడ్‌గారు "పెట్టు, నేనే వద్దన్నానని రాశాను కదా" అన్నారు. ఆయన లెటర్లో ఏముందో ఆమెకి తెలిసింది అప్పుడే.

అవార్డు రాలేదు. రెండు లైన్ల మెయిల్, కారణాలు చెప్పరు. ఆమెకి వయసు పరిమితి కూడా ఆ ఏడాదితో అయిపోయింది. ఆ రెండు పేజీల సమాచారం, ఆ పేపర్ల పట్టిక మాత్రం తర్వాత ఆమె పెట్టుకున్న రెండు ఉద్యోగ దరఖాస్తుల్లో దాదాపు యథాతథంగా వెళ్ళాయి. ఒకచోట ఇంటర్వ్యూకి పిలిచారు, ఇంకోచోట నుంచి ఇంకా కబురు లేదు. మెయిల్ వచ్చిన రోజు ఆమె పాకాల దగ్గర పొలంలో ఉంది. ఫోన్లో ఎలా చెప్పాలో తెలియక మెసేజ్ పెట్టాను. పది నిమిషాలకి జవాబు వచ్చింది: "సరే సార్. ల్యాబులో ఎవరైనా ఉంటే నా డ్రైయర్ ఆఫ్ చేయమని చెప్తారా, 4 గంటలకి తీసేయాలి ఆ శాంపిల్స్."